టెర్మినేటరు విత్తనమను వదంతి: దానిని నమ్ముటయు, విడువలేకపోవుటయు

ప్రతి సంవత్సరమును తొలకరి దినములలో మన సంఘ సభ్యులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "పత్తి గింజలో మొలకను చంపు గుణమొకటి దాచిపెట్టి కంపెనీలవారు అమ్ముచున్నారట, నిజమేనా?" అని. అడుగువారు తెలివితక్కువవారు కారు. పిడికెడు మట్టి చేతిలోనికి తీసికొని దాని గుణము చెప్పగలవారు, సంఘపు జమాఖర్చులలో అణాపైసలు తప్పు పట్టగలవారు, వారే ఈ ప్రశ్న అడుగుచున్నారు. కావున దీనిని నవ్వి త్రోసివేయుట మర్యాద కాదు. దానివలన ప్రయోజనమును లేదు. ఈ వదంతి ఎట్లు పుట్టినదో, ఇన్ని యేండ్లకును ఏల చావలేదో, దానిని నమ్మినవారికి ఏమి నష్టమో ఈ నెల కొంచెము విపులముగా వ్రాయదలచితిమి.

మొదట ఒక మాట. ఏదేని కీడు జరిగినపుడు, కొందఱు బలవంతులు చాటుగా కూడి కావలెననియే దానిని చేసిరని చెప్పి, అందుకు సాక్ష్యము చూపక, తరువాత జరుగు ప్రతిదానికిని అదియే కారణమని చెప్పు కథను మేము కుట్రకథ యనుచున్నాము. లోకములో కుట్రలే లేవని మా భావము కాదు. ధరలు కూడబలుకుకొని నిలిపివేయు వర్తకులు లేకపోలేదు. అయితే నిజమైన కుట్ర బయటపడినపుడు కాగితములు దొరకును, సాక్షులు దొరకుదురు, లెక్కలు దొరకును. కుట్రకథకు ఇవి దొరకవు. దొరకకపోయినను దానికి లోటు లేదు.

టెర్మినేటరు విత్తనము వట్టి కల్పన కాదు. ఇది ముందుగా ఒప్పుకొనవలసిన సంగతి. 1998 మార్చి నెలలో అమెరికా దేశమున డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అను పత్తి విత్తనముల కంపెనీకిని, ఆ దేశపు వ్యవసాయ శాఖకును కలిపి ఒక పేటెంటు మంజూరయినది. అందు చెప్పిన ఉపాయమిది: అమ్మకమునకు ముందు గింజను టెట్రాసైక్లిను అను మందులో నానబెట్టుదురు, ఆ గింజ రైతు పొలములో మొలచును, పెరుగును, కాయ కాయును, కాని ఆ కాయలోని గింజ మరల మొలవదు. రైతు మఱుసటి యేట విత్తనము కొనక తీరదు. ఈ పద్ధతికి టెర్మినేటరు అని పేరు పెట్టినది దానిని వ్యతిరేకించిన కెనడా దేశపు సంస్థ యొకటి. పేటెంటు వచ్చిన రెండు నెలలకే మాన్‌శాంటో కంపెనీ తాను ఆ విత్తనముల కంపెనీని కొనబోవుచున్నట్లు ప్రకటించినది.

సరిగా ఆ సంవత్సరమే మన దేశములో మాన్‌శాంటో పాలుగల మహికో వారు బి.టి. పత్తిని కొన్ని రాష్ట్రములలోని పొలములయందు పరీక్షించుచుండిరి. ఏ ఊళ్ళలో, ఎవరి పొలములలో ఆ పరీక్షలు జరుగుచున్నవో జనులకు ముందుగా తెలియదు. 1998 నవంబరులో కర్ణాటక మంత్రి యొకరు ఆ స్థలములను బయటపెట్టిన పిమ్మట, ఆ నెలాఖరునను డిసెంబరు మొదటను రాయచూరు, బళ్ళారి జిల్లాలలో కర్ణాటక రాజ్య రైతు సంఘమువారు ఆ పైరును పెఱికి తగులబెట్టిరి. రాయచూరు జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ క్రింద మన తెలుగు రైతులు క్యాంపులు వేసికొని సేద్యము చేయుచున్నారు గనుక, అక్కడి మాట ఇక్కడికి వచ్చుటకు ఎక్కువ దినములు పట్టలేదు. అమెరికాలో మొలకను చంపు పేటెంటు పుట్టినది. దానిని కొనబోవు కంపెనీ ఇక్కడ చాటుగా ఏదో విత్తుచున్నది. కావున ఇక్కడ విత్తినది అదియే. ఈ మూడు మాటలలో మొదటి రెండును నిజములు. మూడవది నిజము కాదు. అయినను మొదటి రెండింటి బలముచేత అదియు నిలిచినది.

ఆ పరీక్షలలోని పైరునకు చేర్చినది నేలలో సహజముగా నుండు బాసిల్లసు తురింజియెన్సిసు అను సూక్ష్మజీవి గుణము. అది కాయతొలుచు పురుగును చంపునదియే కాని మొలకను చంపునది కాదు. టెర్మినేటరు పద్ధతితో చేసిన విత్తనము ఏ దేశములోను ఏనాడును అంగడికి రాలేదు. తాము దానిని వ్యాపారమునకు తేబోమని మాన్‌శాంటో అధ్యక్షుడు 1999 అక్టోబరులో బహిరంగముగా మాట యిచ్చెను. మాటమీద నమ్మకము లేనివారికి చట్టము కలదు: 2001లో మన పార్లమెంటు చేసిన వృక్షరకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము అట్టి పద్ధతి గల ఏ రకమును నమోదు చేయరాదని స్పష్టముగా నిషేధించినది.

చట్టముకంటెను గట్టి సాక్ష్యము గుజరాతు పొలములు చెప్పినవి. 2001లో, ఇంకను ప్రభుత్వానుమతి రాకమునుపే, అక్కడ నవభారత్ 151 అను పేరుతో అమ్మిన పత్తిలో బి.టి. గుణమున్నదని బయటపడెను. అప్పటికే వేల యెకరములలో అది వేసియుండిరి. ప్రభుత్వము పైరు తీసివేయుడని ఆజ్ఞాపించినను, దాని గింజ చేతులు మాఱి విడిగా అమ్ముడుపోయి, తరువాతి సంవత్సరములలో ఊరూరను మొలచినది. బి.టి. గింజలో మొలకను చంపు గుణమే యుండినచో ఆ గింజ రెండవ యేట ఒక్కటియు మొలవరాదు గదా!

అయితే రెండవ యేట పంట దిగజాఱుట మేము కన్నులార చూచితిమని రైతులందురు. నిజమే. అది సంకర విత్తనపు స్వభావము. 1970లో గుజరాతు రాష్ట్రమున సూరతు పరిశోధనా కేంద్రము నుండి హెచ్-4 అను తొలి సంకర పత్తి వెలువడిననాటి నుండియు ఇది ఉన్నదే. రెండు వేఱువేఱు రకములను కలిపి పుట్టించిన మొక్క తాను బలముగా కాయును. దాని సంతతిలో తాతలిద్దఱి గుణములును విడివిడిగా బయటపడి, ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకదాని కాయ పెద్దది, ఒకదానిది గోళీకాయంత అగును. గింజ చావలేదు, సమానత చెడినది. కాని కుటుంబము నడుపవలసినవానికి రెండింటి ఫలితమును ఒక్కటియే. ప్రతి యేడును ప్యాకెట్టు కొనవలెను. కథలోని వివరము తప్పయినను దాని వెనుకనున్న బాధ తప్పు కాదు. కుట్రకథలను విమర్శించు చదువరులు సాధారణముగా మఱచు సంగతి ఇదియే.

ఇక నమ్మకము ఎట్లు పుట్టునో చూతము. 1934 జనవరి 15వ తేదీన బీహారులో గొప్ప భూకంపము వచ్చినది. దాని తరువాత జనులలో ప్రాకిన వదంతులను జమునాప్రసాదు అను మన దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు ప్రోగుచేసి 1935లో ప్రకటించెను. అందొక వింత కలదు. ఇండ్లు కూలక, ప్రాణనష్టము లేక, అదురు మాత్రము తగిలిన ప్రాంతములలో, ఇంతకంటె ఘోరమైన ఉపద్రవములు రాబోవుచున్నవను పుకారులు వ్యాపించినవి. బ్రదికి బయటపడినవారు ఊరట పొందవలసినది పోయి, ఇంకను పెద్ద భయమును ఏల కోరి తెచ్చుకొనిరి? చాలయేండ్లకు లియాన్ ఫెస్టింగరు అను అమెరికా పండితుడు దీనిని చదివి యిట్లు ఊహించెను: వారికి అదురువలన భయము మిగిలినది, చుట్టును చూచిన ఆ భయమునకు తగిన కారణము కనబడలేదు, ఉన్న భయమునకు సరిపడు కథ కావలసివచ్చినది. అనగా కథ విని భయపడుట కాదు, భయపడి కథ వెదకుట.

పత్తి రైతు సంగతియు ఇట్టిదియే. అప్పు తెచ్చి, దున్ని, విత్తి, వాన కొఱకు ఆకాశము చూచువానికి దిగులు ముందే యున్నది. వాన తప్పుట, ధర పడుట, మందు పనిచేయకపోవుట, వడ్డీ పెరుగుట, ఇవన్నియు చిన్నచిన్న కారణములు. వీనిలో దేనిని పట్టుకొని నిలదీయుట? ఇన్ని చిల్లర కారణములు కలిసి ఒక సంసారమును కూల్చినవనుటకంటె, ఒక్క పగవాడు కూల్చెననుట మనస్సునకు సులభము. పగవాడున్నచో కోపము నిలుచుటకు చోటు దొరకును.

ఇందుకు గులాబిరంగు కాయతొలుచు పురుగు మంచి ఉదాహరణము. ఒక్క గుణము గల బి.టి. పత్తి 2002లోను, రెండు గుణములది 2006లోను అనుమతి పొందినవి. మొదటిదానిని ఈ పురుగు తట్టుకొనుచున్నదని గుజరాతు విషయమున 2010లో ప్రకటింపబడెను. కొన్ని యేండ్లకు రెండవదానిని కూడ జయించినది. వెంటనే, మందు అమ్ముకొనుటకై కంపెనీయే కొత్త పురుగును పెంచి వదలినదను మాట ప్రబలినది. నిజమైన కారణములు పొలములోనే యున్నవి. ఈ పురుగునకు పత్తి తప్ప వేఱు ఆహారము లేదనియే చెప్పవచ్చును గనుక ఎల్లప్పుడును బి.టి. మొక్కనే తినవలసివచ్చును, తట్టుకొన్న కొద్దిపాటి పురుగులు మిగిలి, వాని సంతతియే నిండును. ఇది నెమ్మదిగా జరుగుటకై ఆనాడు 450 గ్రాముల ప్యాకెట్టుతో 120 గ్రాముల మామూలు గింజలను ఇచ్చి, పొలము చుట్టును వేయుమనిరి. ఏల వేయవలెనో సరిగా చెప్పినవారు లేరు. పెక్కుచోట్ల ఆ చిన్న ప్యాకెట్టు గట్టు మీదనే పడియుండెను. నీటి వసతి గలచోట డిసెంబరుతో తీసివేయవలసిన పైరును మార్చి వఱకు నిలుపుట మఱొక కారణము. పురుగునకు ఏడాది పొడుగున భోజనము. కంపెనీ వారును, అధికారులును, రైతులును తలా కొంత మోయవలసిన ఈ భారమును కుట్రకథ ఒక్క దెబ్బతో అందఱి భుజముల మీదనుండి దింపివేసినది. చెప్పవలసినవారు చెప్పలేదని అడుగువాడు లేడు, పైరు తీయుమనువాడును లేడు.

పగవాడు పొలములో కలుపు చల్లెనను ఊహ చాల ప్రాచీనమైనది. రాత్రివేళ శత్రువు వచ్చి గోధుమలలో గురుగులు చల్లిన ఉపమానము బైబిలులో కలదు. మన వయ్యారిభామ కలుపు, అనగా కాంగ్రెసు గడ్డి, విషయమునను ఇట్లే చెప్పుదురు: అమెరికా వారు పి.ఎల్.480 గోధుమలతో మన నేల చెఱచుటకై కావలెనని పంపిరట! ఆ ఒడంబడిక మనతో కుదిరినది 1956 ఆగస్టులో. ఆ మొక్క పూనాలో కనబడినది అంతకు ముందు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిదినములలోనే దీనిని మన దేశమున సేకరించినట్లు వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను ఓడలలో వచ్చిన ధాన్యముతో దాని గింజలు కలిసివచ్చి వ్యాపించుటకు తోడ్పడెననుట కాదనరానిది. చూడక తెచ్చుట ఒకటి, పగబట్టి చల్లుట ఒకటి. వేలకొలది గింజలు కాయు మొక్కకు రెండవది అక్కఱయే లేదు.

ఇట్టి నమ్మకములు చదువులేని పల్లెవారివే యనుకొనువారు తూర్పు జర్మనీ చరిత్ర చూడవలెను. 1950లో అక్కడ బంగాళాదుంప పంటను చారల పెంకుపురుగు తినివేయగా, అమెరికా విమానములు ఆకాశము నుండి పురుగులను చల్లినవని ప్రభుత్వమే చాటి, గోడపత్రికలు అంటించి, బడిపిల్లలను పురుగుల నేరుటకు పంపినది. వాస్తవమునకు ఆ పురుగు 1922 నాటికే ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమున స్థిరపడి, ఏటేట తూర్పునకు నడచి వచ్చుచుండెను. యుద్ధము ముగిసిన పిదప చల్లుటకు మందు లేదు. ఇందును నిజపు గింజ యొకటి లేకపోలేదు: 1943లో జర్మను సైన్యమువారే అట్టి పురుగులను వేలకొలది తమ దేశములోనే విమానము నుండి వదలి పరీక్షించియుండిరి. తాము చేసి చూచిన పనిని ఎదుటివాడును చేయుననుకొనుట మానవ సహజము.

నమ్ముట ఒక యెత్తు, విడుచుట మఱొక యెత్తు. కుట్రకథకు ఒక గుణము కలదు: అది లోపలినుండి గడియ వేసికొనును. సాక్ష్యము లేదన్నచో, దాచివేసిరి కనుకనే లేదందురు. పరీక్షశాల వారు కాదన్నచో, వారిని కొనివేసిరందురు. మేము కాదన్నచో, "అయ్యా, మీరు సర్కారు జీతగాండ్రు" అందురు. ఇది మాకు కొత్త కాదు. అట్లనినవారితో మేము ఎన్నడును పగ పెంచుకొనలేదు. ఏ సాక్ష్యమువచ్చినను తనకే అనుకూలముగా త్రిప్పుకొను వాదమును వాదముతో జయింపలేము.

రెండవది పరువు. నలుగురిలో రచ్చబండ మీద కూర్చుండి, "నాకు లోపలి సంగతి తెలియును" అని చెప్పినవానికి ఆ దినమున గౌరవము వచ్చినది. విన్నవారు తోడైరి. ఇప్పుడు అది తప్పని యొప్పుకొన్నచో పోవునది ఒక అభిప్రాయము మాత్రమే కాదు. ఆ కూటమి, ఆ పెద్దఱికము కూడ పోవును. పైన చెప్పిన ఫెస్టింగరు పండితుడే మఱియిద్దఱితో కలిసి, అమెరికాలో 1954 డిసెంబరు 21న జలప్రళయము వచ్చునని నమ్మిన చిన్న గుంపులో చేరి గమనించెను. వారిలో కొందఱు ఉద్యోగములు, ఆస్తులు వదలుకొనిరి. ఆ దినము వచ్చినది, పోయినది, ప్రళయము రాలేదు. ఒంటరిగా ఇండ్లలోనున్నవారిలో నమ్మకము సడలినది; ఒకచోట కూడియున్నవారు మాత్రము, మా ప్రార్థనవలననే లోకము నిలిచినదని అంతకు మునుపటికంటె ఎక్కువగా ప్రచారము మొదలుపెట్టిరి. ఎక్కువ వెల పెట్టినవాడు సరుకు నాసి యని త్వరగా ఒప్పుకొనడు. సంతలో ఎద్దును కొన్నవాని వెంట నడచి చూడుడు, తెలియును.

నమ్మినవారికి కలుగు నష్టమేమి? ఇది మా మనస్సును మిక్కిలి కలతపెట్టు సంగతి. మొలక రాని విత్తనము సంచి తెచ్చుకొన్న రైతు, "అంతా పైవాళ్ళ కుట్ర, మనమేమి చేయగలము" అనుకొని, సంచి పాఱవేసి, చీటీ పోగొట్టుకొని, అప్పుతో మరల కొనును. ఆ సంచిలోనిది కల్తీ గింజ. దానిని అమ్మినవాడు ప్రక్క బస్తీలోనే దుకాణము తెఱచి కూర్చుండును. అమెరికా కంపెనీ పేరు చెప్పుకొని వాడు నిశ్చింతగా నిద్రపోవును. పెద్ద దొంగ కథ చిన్న దొంగకు గొడుగు పట్టుచున్నది.

కనబడు అన్యాయమును లెక్కలతో పట్టుకొన్నచో ఏమగునో చూడుడు. బి.టి. పత్తి ప్యాకెట్టు సుమారు 1600 రూపాయలకు అమ్ముచుండగా, అందులో పెద్ద భాగము గుణపు రుసుము పేర మాన్‌శాంటో కూటమికి పోవుచున్నదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తవ్యాపార నిరోధక కమిషను ఎదుట ఫిర్యాదు చేసినది. కమిషను ఆ రుసుము అధికమని పలికినది. ఆ యేడే మన రాష్ట్రమున ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగినది. ఇది చాటు కథలతో జరిగిన పని కాదు. రుసుము ఎంత, ఇతర దేశములలో ఎంత, అని కాగితము మీద చూపగా జరిగినది. మఱియొకటి: నాసి విత్తనమువలన నష్టపోయిన ఆంధ్ర రైతులకును జాతీయ విత్తన సంస్థకును నడచిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు వారు 2012లో, రైతు వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు, కొన్న గింజనంతయు విత్తుటకే వాడిన రైతు పరీక్షకై నమూనా దాచలేదని తప్పు పట్టరాదనియు తీర్పు చెప్పిరి. నమూనా లేకున్నను చీటీ, సంచి, దానిమీది చీటీపట్టి భద్రముగా నుండవలెను. ధ్రువీకరించిన విత్తనమునకు నీలిరంగు పట్టి యుండును, మూలవిత్తనమునకు తెలుపు. మొలక తప్పిన పొలమును పైరు దున్నివేయకమునుపే వ్యవసాయాధికారికి చూపి, వ్రాతమూలకముగా తనిఖీ కోరవలెను. దున్నిన తరువాత ఎవరు వచ్చియు చేయగలది లేదు.

నమ్మినవానితో మాటలాడు తీరును గూర్చి సంఘ పంచాయతీదారులకు ఒక మనవి. నలుగురిలో అతనిని అడ్డుకొనవలదు, చాటున మాటలాడుడు. "నీ కథ అబద్ధము" అని మొదలుపెట్టక, "ఏటేట కొనవలసివచ్చుట భారమే" అని మొదలుపెట్టుడు. అది నిజము గనుక. తరువాత వాదము మాని పని చూపవలెను. ఎవరి మాటయు నమ్మనక్కఱలేని పరీక్ష ఇది, దమ్మిడీ ఖర్చు లేదు. పోయిన యేటి తన పత్తిలోనుండి తన చేతనే వంద గింజలు ఏరించుడు. నూగు పోవునట్లు పేడనీళ్ళు, బూడిద పట్టించి రుద్ది ఆరనిచ్చి, తడిపిన గోనెపట్టాలో వరుసగా పఱచి, చుట్టి, నీడను ఉంచి, దినమున రెండుమాఱులు నీరు చిలుకరింపవలెను. వారము దినములకు పట్టా విప్పి మొలకలను అతనినే లెక్కింపుమనుడు. గింజ పుచ్చిపోకుండ నిలువ చేసియుండినచో సగమునకు మించి మొలచును. ఆ మొలకలలో ఇరువదింటిని గట్టు ప్రక్కన ఒక సాలున నాటించుడు. పూత పట్టునప్పటికి ఆ సాలులో ఒకటి నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు, ఒకటి గుబురుగాను ఒకటి చీపురువలెను కనబడును. గింజ చావలేదనియు, అయినను ప్యాకెట్టు ఏల కొనవలసివచ్చుచున్నదనియు రెండును ఆ సాలే అతనికి చెప్పును. ఈ పరీక్ష చేయగోరు సభ్యులకు గోనెపట్టాలు సంఘ గిడ్డంగిలో నున్నవి. మేము గ్రామమునకు వచ్చినపుడు మొలకల లెక్క వ్రాసి యుంచినచో చూచెదము.